బీరూట్ పేరు వెంట నాలుగు రోజులు: వాషింగ్టన్ నుంచి జాక్సన్‌విల్ దాకా

1983 అక్టోబరు 23, ఆదివారం. ఉదయం 6:22కి లెబనాన్ రాజధాని బీరూట్‌లో, విమానాశ్రయం పక్కన, శాంతిస్థాపన పనిమీద వచ్చిన అమెరికన్ మెరైన్లు ఉంటున్న నాలుగంతస్తుల భవనాన్ని లారీ బాంబు కూల్చేసింది. 241 మంది పోయారు: 220 మంది మెరైన్లు, 18 మంది నేవీవాళ్లు, ముగ్గురు ఆర్మీవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ఐవో జిమా దీవి పోరు తర్వాత మెరైన్ దళానికి ఒక్కరోజులో తగిలిన అతిపెద్ద దెబ్బ అదే. బతికి బయటపడ్డవాళ్లు, పోయినవాళ్ల కుటుంబాలు ఏటా ఆ తేదీకి నార్త్ కరోలినాలోని జాక్సన్‌విల్ చేరుకుంటారు. ఈ ప్రయాణమూ ఆ ఉదయానికి అక్కడ ఉండేలా వేసుకున్నదే. దారిలో వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ల పేర్లున్న గోడ, ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానం, క్వాంటికో దగ్గరి మెరైన్ మ్యూజియం తగులుతాయి.

ఉత్తర వర్జీనియాలో మనవాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఆర్లింగ్టన్ చూపించడం మామూలే. ట్రామ్ ఎక్కి, కెన్నెడీ సమాధి దగ్గర ఫోటో దిగి, గార్డు మారడం చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరిపోతారు. దేశంకాని దేశంలో పోయిన ఒక మెరైన్‌ని తలుచుకోవాలంటే ఆ తిరుగుడు సరిపోదు. ఒక పేరు పట్టుకుని వెళ్లాలి. ఆ పేరు ఎక్కడుందో బయల్దేరకముందే కాగితం మీద ఉండాలి.

పూర్తి పేరు, మధ్య అక్షరంతో సహా. చనిపోయిన తేదీ. ఏ దళం. ఈ మూడూ ఉంటే మిగతాది కష్టం కాదు. వియత్నాంలో పోయినవాళ్లకి గోడ మీద పలక నంబరు, వరుస నంబరు దొరుకుతాయి. ఆర్లింగ్టన్‌లో ఉన్నవాళ్లకి ఆ శ్మశానం వాళ్ల యాప్ ‘ఏఎన్‌సీ ఎక్స్‌ప్లోరర్’లో సెక్షన్, సమాధి నంబరు, రాయి ఫోటోతో సహా వస్తాయి. మిగతా జాతీయ శ్మశానాలకి వెటరన్స్ శాఖ వెతుకుడు పేజీ ఉంది. మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల్లో పోయి ఫ్రాన్స్‌లోనో ఫిలిప్పీన్స్‌లోనో ఉండిపోయినవాళ్ల వివరాలు అమెరికన్ బ్యాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ దగ్గరుంటాయి. చాలామంది తడబడేది ఎక్కడంటే, అమెరికా సైనికుడు కాబట్టి ఆర్లింగ్టన్‌లోనే ఉంటాడనుకోవడం. బీరూట్‌లో పోయిన 241 మందిలో అక్కడున్నది 21 మందే. మిగతావాళ్లలో ఎక్కువమంది సొంతూళ్ల శ్మశానాల్లో ఉన్నారు.

మొదటి రోజు, అక్టోబరు 20: గోడ

ఫాగీ బాటమ్ మెట్రో స్టేషన్‌లో దిగితే వియత్నాం స్మారకానికి ఇరవై నిమిషాల నడక. కారు తీసుకెళ్తే పార్కింగ్ వెతకడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. టికెట్ లేదు, తలుపు లేదు. రాత్రయినా వెళ్లొచ్చు. కానీ పేరు మీద కాగితం పెట్టి రుద్ది అచ్చు తీసుకోవాలంటే వాలంటీర్లుండే పగటిపూటే మంచిది.

1982 నవంబరు 13న అంకితమిచ్చిన ఈ గోడకి రూపకల్పన చేసిన మాయా లిన్ అప్పటికి యేల్‌లో చదువుతున్న విద్యార్థిని. గోడకి వాడిన నల్ల గ్రానైటు బెంగళూరు నుంచి వెళ్లింది. మన పక్క రాష్ట్రం రాయి మీద 58 వేలకు పైగా అమెరికన్ల పేర్లున్నాయని తెలిసిన తెలుగువాళ్లు తక్కువ.

పేర్లు అక్షరక్రమంలో ఉండవు, పోయిన తేదీల వరుసలో ఉంటాయి. రెండు గోడలు కలిసే మూల దగ్గర 1 ఈ పలకతో 1959లో మొదలై, కుడివైపు తూర్పు గోడ చివర 70 ఈ దాకా వెళ్తాయి. అక్కడికి 1968 మే 25 వస్తుంది. అదే తేదీలో మిగిలిన పేర్లు పడమటి గోడ కొసన 70 డబ్ల్యూ దగ్గర అందుకుని, మళ్లీ మూలకి వచ్చి 1975లో ఆగుతాయి. అందుకే మొదటి చావు, చివరి చావు పక్కపక్కనే ఉంటాయి. చివరి పలకలో కంబోడియా దగ్గరి కోహ్ టాంగ్ దీవి పోరాటంలో పోయిన మెరైన్లున్నారు. 1975 మే 15న హెలికాప్టర్లలో వెనక్కి వచ్చేటప్పుడు ముగ్గురు మెరైన్లు ఆ దీవిలోనే మిగిలిపోయారు. వాళ్ల పేర్లూ అక్కడే.

పేరు పక్కనున్న గుర్తు చూడండి. వజ్రం ఆకారం ఉంటే మరణం ఖరారైనట్టు. కూడిక గుర్తు ఉంటే ఆచూకీ దొరకనట్టు. తర్వాతెప్పుడో అవశేషాలు దొరికితే కూడిక గుర్తు మీదే వజ్రం చెక్కుతారు. బతికి తిరిగొస్తే చుట్టూ సున్నా చుట్టాలని మొదట్లోనే అనుకున్నారు. ఆ సున్నా ఇంతవరకు ఎవరికీ పడలేదు.

పలక దొరికాక వరుసలు లెక్కపెట్టాలి. పలకల అంచున పది వరుసలకొకటి చొప్పున చిన్న చుక్కలుంటాయి, వాటితో పని సులువవుతుంది. అక్షరం ఎత్తు అర అంగుళం, అంతే. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలు కాబట్టి, గోడకి రెండు చివర్లా ఉన్న డైరెక్టరీలో పుట్టిన తేదీ, ఊరు సరిచూసుకున్నాకే అచ్చు తీయండి.

అచ్చు తీయడానికి కాగితం, పెన్సిలు వాలంటీర్లే ఇస్తారు. కాగితం పై అంచుని ఎడమచేత్తో గోడకి గట్టిగా అదమాలి. పెన్సిలు మొనతో కాకుండా సీసం పక్కభాగంతో, ఎడమ నుంచి కుడికి ఒకే దిక్కులో, మొదట తేలిగ్గా రుద్దాలి. చెక్కిన చోటు తెల్లగా మిగిలి పేరు పైకి తేలుతుంది. అప్పుడింకో పొర వేయొచ్చు. ముందుకీ వెనక్కీ గీస్తే కాగితం జరుగుతుంది, జరిగితే అక్షరాలు జంటగా పడతాయి, ఆ కాగితం ఇక పనికిరాదు. స్కెచ్ పెన్నులు, మైనం క్రేయాన్లు రాయికి అంటుకుంటాయి, వద్దు. మూల దగ్గర గోడ పదడుగుల ఎత్తుంటుంది. పైవరుస పేర్లకి నిచ్చెన కావాలి, అది ఎక్కేది వాలంటీర్లే. ఫోటో తీసేవాళ్లు గోడకి కాస్త ఏటవాలుగా నిలబడాలి. ఎదురుగా నిలబడితే రాయి మెరుపులో పేరు కంటే మీ ముఖమే ఎక్కువ పడుతుంది.

గోడ అడుగున వదిలే ఉత్తరాలు, బూట్లు, పతకాలు పార్క్ సర్వీసువాళ్లు తీసి దాస్తారు. పూలు, తినే వస్తువులు దాచరు.

కొలనుకి అవతల కొరియా యుద్ధ స్మారకం ఉంది. అక్కడున్న 19 ఉక్కు విగ్రహాల్లో ముగ్గురు మెరైన్లు, వాళ్లతోపాటు ఒక నేవీ వైద్య సహాయకుడు. మెరైన్లకి సొంత వైద్య సిబ్బంది లేరు, గాయమైతే చూసేది నేవీవాడే. బీరూట్ జాబితాలో 18 మంది నేవీవాళ్లు ఉండటానికి పెద్ద కారణం అదే.

రెండో రోజు, అక్టోబరు 21: ఆర్లింగ్టన్

బ్లూ లైన్‌లో ఆర్లింగ్టన్ సెమెటరీ స్టేషన్. గేటు ఉదయం 8కి తెరుస్తారు, సాయంత్రం 5కి మూసేస్తారు. సంచులు తనిఖీ చేస్తారు, పాస్‌పోర్టో లైసెన్సో దగ్గరుంచుకోండి. సొంత కారుతో లోపలికి వెళ్లే అనుమతి సమాధుల తాలూకు కుటుంబాలకే. మిగతావాళ్లు నడవాలి. కాబట్టి మంచి బూట్లు, నీళ్ల సీసా ఉండాలి. పెద్దవాళ్లుంటే ట్రామ్ తీసుకోక తప్పదు, కానీ అది ఆగే చోట్లు వేరు, మనం వెళ్లే చోటు వేరు.

వెల్‌కమ్ సెంటర్ నుంచి సెక్షన్ 60 పావుగంట నడక. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో పోయినవాళ్లలో చాలామంది ఇక్కడున్నారు. శ్మశానంలో మిగతా భాగాలు చరిత్రలా అనిపిస్తాయి. ఇక్కడ మాత్రం రాతి మీద పుట్టిన సంవత్సరాలు మన పిల్లల వయసు చెబుతుంటాయి. తల్లులు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారు. ఆ వరుసలో మరో రాయి ఫోటో తీయాలనుకుంటే వాళ్లు లేచేదాకా ఆగండి.

రాళ్లన్నీ ఒకే కొలత: పాలరాయి, 42 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం, బరువు దాదాపు 230 పౌండ్లు. పొడవులో కొంతభాగం భూమిలోకి పోతుంది. ముందువైపు పేరు, హోదా, దళం, యుద్ధం, తేదీలు, పతకాలు. పైన మతచిహ్నం. కుటుంబం కోరుకోగలిగిన చిహ్నాల జాబితాలో ఓం కూడా ఉంది.

విదేశంలో పోయిన మెరైన్ ఇక్కడికెలా వస్తాడో తెలిస్తే ఈ రాళ్లు వేరేగా కనబడతాయి. ఈ రోజుల్లో విమానం ముందు డెలావేర్ రాష్ట్రంలోని డోవర్ వైమానిక స్థావరంలో దిగుతుంది. జెండా కప్పిన పెట్టెను అతని దళంవాళ్లే దించుతారు, మెరైన్‌ని మెరైన్లే. అది జనం చూసే కార్యక్రమం కాదు. గుర్తింపు, ముస్తాబు అక్కడే జరుగుతాయి. ఇంటికి కబురు ఫోన్లో చెప్పరు, యూనిఫాంలో మనుషులు తలుపు తడతారు. అంత్యక్రియల్లో వాషింగ్టన్ బ్యారక్స్ నుంచి వచ్చిన మెరైన్లు శవపేటిక మోస్తారు. వేరే దళాలవాళ్లు ఎనిమిదిమంది మోసేది వీళ్లు ఆరుగురే మోస్తారు. గోతి దగ్గర దాన్ని ఒక్కసారి తల ఎత్తుకి లేపి, అప్పుడు దించుతారు. ఆ బరువుని వణుకు లేకుండా లేపడానికే వాళ్లకి రోజూ వ్యాయామం.

వారపు రోజుల్లో ఇక్కడ పాతిక ముప్పై దాకా అంత్యక్రియలు జరుగుతాయి. తుపాకుల శబ్దం వినబడక మానదు. ఏడుగురు మూడుసార్లు కాలిస్తే 21 అవుతుంది కదా అని దాన్ని ‘21 తుపాకుల వందనం’ అనేస్తుంటారు. అది వేరు. ఆ వందనం ఫిరంగులతో, దేశాధినేతలకి ఇచ్చేది. ఇక్కడ కాల్చేది మూడు విడతలే, పాతకాలపు యుద్ధభూమి ఆచారం. తర్వాత బూర మీద ‘ట్యాప్స్’ వాయిస్తారు, 24 స్వరాలు. జెండాని ముక్కోణంగా మడిచి దగ్గరి బంధువు చేతిలో పెడతారు. దారిలో ఊరేగింపు ఎదురైతే నిలబడిపోండి. టోపీ తీసేసి గుండె మీద చెయ్యి పెట్టుకుంటే చాలు, సెల్యూట్ మనం కొట్టేది కాదు.

రాళ్ల మీద నాణేలు కనబడతాయి. వాటికి ఒక వాడుక ఉంది. ఒక సెంటు అయితే ఎవరో వచ్చి వెళ్లారని. అయిదు సెంట్లయితే శిక్షణలో కలిసున్నారని. పది సెంట్లయితే ఒకే దళంలో పనిచేశారని. పాతిక సెంట్లయితే అతను పోయినప్పుడు పక్కనే ఉన్నవాడు వచ్చాడని. ముచ్చటపడి పాతిక పెట్టకండి, అది అబద్ధం చెప్పినట్టవుతుంది. మనకి సెంటు నాణెం చాలు.

మన అలవాట్లకి సంబంధించి ఒకటి రెండు జాగ్రత్తలు. పాలరాయి నీళ్లనీ రంగునీ పీల్చుకుంటుంది. పసుపు, కుంకుమ రాస్తే మరక లోపలికి దిగి పోదు. దీపం, అగరొత్తులు వెలిగించొద్దు. కోసిన పూల గుత్తి ఏదైనా, చామంతులైనా సరే, రాయి మొదట్లో పెట్టండి. వాడిపోయాక సిబ్బంది తీసేస్తారు.

సెక్షన్ 60 నుంచి 59కి వెళ్లండి. బీరూట్ 21 మంది ఉన్నది అక్కడే. వాళ్ల దగ్గరే ఒక లెబనాన్ దేవదారు చెట్టు, తొలి వర్ధంతికి, అంటే 1984లో నాటింది. రాళ్ల మీద తేదీ అందరికీ ఒకటే, అదే గుర్తు. సెక్షన్ నంబరు గుర్తులేకపోయినా ఆ చెట్టు చూసుకుంటూ వెళ్లొచ్చు.

సాయంత్రం గేటు మూసేలోపు ఉత్తరం వైపు ఆర్డ్ అండ్ వైట్‌జెల్ గేటు నుంచి బయటపడితే ఎదురుగా మెరైన్ దళ స్మారకం. ఐవో జిమాలో జెండా ఎత్తుతున్న ఆరుగురు, ఒక ఫోటో చూసి చేసిన విగ్రహం. ఫెలిక్స్ డి వెల్డన్ చెక్కిన ఈ కంచు మనుషులు ఒక్కొక్కరు 32 అడుగులు, జెండా కర్ర 60 అడుగులు. 1954 నవంబరు 10న, మెరైన్ల పుట్టినరోజున, అంకితం చేశారు. జెండా కర్ర మీదే చూపు నిలిపి విగ్రహం చుట్టూ నెమ్మదిగా తిరగండి, కర్ర పైకి లేస్తున్నట్టే ఉంటుంది. పీఠం చుట్టూ 1775 నుంచి ఆ దళం పోరాడిన చోట్లు బంగారు అక్షరాల్లో ఉన్నాయి. లెబనాన్ పేరు వెతుక్కోండి.

ఆ ఆరుగురిలో ముగ్గురు, స్ట్రాంక్, బ్లాక్, సౌస్లీ, నెల తిరక్కుండానే ఆ దీవిలోనే చనిపోయారు. స్ట్రాంక్ సమాధి ఆర్లింగ్టన్ సెక్షన్ 12లో ఉంది. తిరిగొచ్చిన ఐరా హేస్‌ది సెక్షన్ 34. మిగిలిన ఇద్దరి పేర్లలో జరిగిన పొరపాటు దశాబ్దాలపాటు ఎవరి కంటా పడలేదు. లోకంలో అందరూ చూసిన ఫోటో అది, అయినా అందులో బ్రాడ్లీ లేడు, షుల్ట్జ్ ఉన్నాడని 2016లో, గాన్యోన్ స్థానంలో ఉన్నది కెల్లర్ అని 2019లో మెరైన్ దళం సరిచేసింది. పేరూ తేదీ రెండుసార్లు చూసుకోమని మొదట్లో చెప్పింది ఇందుకే.

వేసవి మంగళవారాల్లో ఇక్కడ సూర్యాస్తమయ కవాతు ఉంటుంది. అక్టోబరులో ఉండదు. తిరుగు ప్రయాణానికి రాస్లిన్ మెట్రో పదిహేను నిమిషాలు.

మూడో రోజు, అక్టోబరు 22: క్వాంటికో, తర్వాత 300 మైళ్లు

ఐ-95 మీద దక్షిణంగా వెళ్తే 150వ ఎగ్జిట్ దగ్గర ట్రయాంగిల్ ఊరు, అందులో మెరైన్ దళ జాతీయ మ్యూజియం. దూరం నుంచే 210 అడుగుల ఉక్కు శిఖరం ఏటవాలుగా కనబడుతుంది, జెండా కర్ర వాలు అది. ప్రవేశం, పార్కింగ్ ఉచితం. 10కి తెరుస్తారు. రోజంతా చూడొచ్చు కానీ మనకి మూడు గంటలే ఉన్నాయి కాబట్టి రెండు గదులు వదలకండి. కొరియా టాక్‌టాంగ్ కనుమ గదిలో చలి పెట్టి ఉంచుతారు. వియత్నాం 881 కొండ గదిలోకి హెలికాప్టర్ వెనక తలుపు నుంచి దిగుతాం, అక్కడ ఉక్కపోత. చిన్నపిల్లలు కాల్పుల శబ్దానికి ఉలిక్కిపడతారు, ముందే చెప్పి తీసుకెళ్లండి.

తోటి మెరైన్ పోయినప్పుడు యుద్ధభూమిలోనే చేసే నివాళి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. బాయొనెట్ ఉన్న రైఫిల్‌ని తలకిందులుగా గుచ్చుతారు. దాని మడమ మీద హెల్మెట్, మొదట్లో బూట్లు, పిడికి గుర్తింపు బిళ్లలు. అందరూ వరుసలో నిలబడ్డాక హాజరు పిలుస్తారు. బతికున్నవాళ్లు పలుకుతారు. పోయినవాడి పేరు మూడుసార్లు పిలుస్తారు, మూడోసారి పూర్తి పేరుతో, హోదాతో. మ్యూజియం పక్కనున్న సెంపర్ ఫిడెలిస్ పార్కులో పటాలాలు పెట్టుకున్న స్మారకాల మధ్య పేర్లు చెక్కిన ఇటుకల బాట ఉంది. అక్కడ అరగంట చాలు.

ఒంటిగంటలోపు బయల్దేరితేనే ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర సాయంత్రపు రద్దీ తప్పుతుంది. రిచ్‌మండ్ దాటి, నార్త్ కరోలినాలో విల్సన్ దగ్గర ఐ-795 పట్టుకుని గోల్డ్స్‌బరో, అక్కడి నుంచి కిన్‌స్టన్, రిచ్‌లాండ్స్ మీదుగా జాక్సన్‌విల్. అయిదున్నర గంటలు అనుకోండి. కిన్‌స్టన్ తర్వాత పొలాల మధ్య దారి, రాత్రి జింకలు అడ్డొస్తాయి. పెట్రోలు గోల్డ్స్‌బరోలోనే నింపుకోండి. 23కి హోటళ్లు నిండిపోతాయి, సెప్టెంబరులోనే గది తీసుకోవాలి.

నాలుగో రోజు, అక్టోబరు 23: జాక్సన్‌విల్

తెల్లవారకముందే లేవాలి. కొవ్వొత్తులతో పేర్లు చదివేది చీకట్లోనే. బీరూట్ స్మారకం లెజూన్ బులవార్డ్ పక్కన, క్యాంప్ జాన్సన్ గేటుకి బయట ఉంది. మిలిటరీ పాసు అక్కర్లేదు, ఏ వీసా మీద వచ్చినవాళ్లయినా నేరుగా వెళ్లొచ్చు. లోపలి శిబిరంలోకి మాత్రం ఎవరో ఒకరు పూచీ పడకపోతే రానివ్వరు. పొరపాటున గేటు వరస పట్టారంటే వెనక్కి తిప్పి పంపుతారు, కాబట్టి స్మారకం బోర్డు చూసి ముందే మలుపు తీసుకోండి. పచ్చిక తడిగా ఉంటుంది. పెద్దవాళ్లకి మడత కుర్చీ, అందరికీ స్వెట్టరు ఉండాలి.

పేర్లు చదువుతుంటే ఎంతసేపు పడుతుందో, 241 అంటే ఎంతో అప్పుడు తెలుస్తుంది. చదివేవాళ్లు తొందరపడరు.

వెలుగొచ్చాక స్మారకం దగ్గరికి వెళ్లండి. విరిగిన రెండు గోడలు. ఒకదాని మీద పేర్లు, ఇంకోదాని మీద ‘వాళ్లు శాంతి కోసం వచ్చారు’ అన్న అర్థంలో నాలుగే ఇంగ్లీషు మాటలు. మధ్య ఖాళీలో ఒంటరిగా నిలబడ్డ కంచు మెరైన్. గోడలు 1986 అక్టోబరు 23న అంకితమయ్యాయి, విగ్రహం 1988లో వచ్చింది. ఊరివాళ్లే చందాలు పోగుచేసి కట్టుకున్నారు. ఎందుకంటే పోయిన పటాలం ఇక్కడి క్యాంప్ లెజూన్‌దే. వాళ్ల భార్యలు, పిల్లలు ఈ వీధుల్లోనే ఉండేవాళ్లు. బులవార్డ్ పొడవునా పోయినవాళ్ల పేరిట చెట్లూ నాటారు. పేర్ల గోడ మీద బీరూట్‌వాళ్లతోపాటు, తర్వాత గాయాలతో పోయినవాళ్లు, అదే వారం కరీబియన్ దీవి గ్రెనడాలో పోయిన మెరైన్లు కూడా ఉన్నారు.

అంతమంది ఒకేచోట ఎలా పోయారన్న ప్రశ్న ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లకీ వస్తుంది. ఊరి మీద ఫిరంగి గుండ్లు పడుతున్నాయని, ఆ కాంక్రీటు భవనం గట్టిదని, మూడొందల మందికి పైగా అందులోనే పడుకోబెట్టారు. గుండ్లకి పనికొచ్చిన ఆ ఏర్పాటే బాంబుకి కలిసొచ్చింది. ఆదివారం కాబట్టి నిద్రలేపే సమయం 6:30. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. శాంతిస్థాపన పనిమీద వచ్చారు కాబట్టి కాపలావాళ్ల తుపాకుల్లో గుళ్లు పెట్టుకోకూడదన్నది ఆదేశం. పసుపురంగు మెర్సిడెస్ లారీ ఖాళీ పార్కింగ్ స్థలంలో తిరిగి, వేగం పెంచి, ముళ్లకంచె తొక్కుకుని, రెండు కాపలా గుడిసెల మధ్య నుంచి నేరుగా భవనం లాబీలోకి దూసుకొచ్చింది. గుడిసెలోవాడు గుళ్లు నింపుకునేలోపే లోపలికి పోయింది. 12 వేల పౌండ్ల టీఎన్‌టీకి సమానమైన పేలుడని దర్యాప్తు చేసిన లాంగ్ కమిషన్ తేల్చింది. కొద్ది నిమిషాల్లోనే ఫ్రెంచివాళ్ల భవనం మీద అలాంటి దాడే జరిగి 58 మంది పారాట్రూపర్లు పోయారు. 1984 ఫిబ్రవరిలో మెరైన్లని బీరూట్ నుంచి వెనక్కి రప్పించారు. ఏం సాధించారని అడిగితే ఇక్కడున్నవాళ్లలో సగంమంది కోపంగానే జవాబిస్తారు, ఆ కోపం న్యాయమైనదే.

అధికారిక కార్యక్రమం పొద్దెక్కాక జరుగుతుంది: పుష్పగుచ్ఛాలు, మూడు విడతల కాల్పులు, ట్యాప్స్. అది అయ్యాక జనం వెంటనే కదలరు. తలనెరిసినవాళ్లు గోడ దగ్గర గుంపులుగా నిలబడి ఉంటారు. పలకరించాలంటే ‘మీరు ఆ రోజు చూశారా’ అని అడక్కండి. గోడ మీద ఎవరి పేరు దగ్గర నిలబడ్డారో ఆ పేరు చదివి, ఆయన ఎలాంటివాడని అడగండి. తిండి గురించో, తాళం తప్పి పాడే పాటల గురించో, అప్పుపెట్టి ఎగ్గొట్టిన డాలర్ల గురించో చెప్పుకొస్తారు.

అదే తోటలో మాంట్‌ఫోర్డ్ పాయింట్ మెరైన్ల స్మారకమూ ఉంది. 1942 నుంచి 1949 దాకా నల్లజాతి మెరైన్లకి విడిగా శిక్షణ ఇచ్చింది ఈ శిబిరంలోనే, దాదాపు 20 వేల మందికి. ఎదురుగా 90 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక ఫిరంగి పెట్టారు. చూడటానికి పది నిమిషాలు పడుతుంది, వదిలేయొద్దు.

వాషింగ్టన్ వెళ్లేవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బయల్దేరితే రాత్రికి చేరతారు, కానీ రిచ్‌మండ్‌లో ఆఫీసులు వదిలే రద్దీ తగలొచ్చు. విమానం పట్టుకోవాలంటే ఊరి దగ్గరున్న చిన్న విమానాశ్రయం కంటే రాలీ-డర్హమ్‌లో సర్వీసులు ఎక్కువ, కారులో రెండున్నర గంటలు.